మితాహారుల ఉమ్మడి వంటగది

ఆ రోజుల్లో లోకం ఎందుకు బాగుపడటం లేదో నాకు బాగా తెలుసు. ఎవరింట్లో వాళ్లు వండుకు తినడమే అసలు జబ్బని నా గట్టి నమ్మకం. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఆ వయసులో మనిషికి తెలియనివి ఎలాగూ తక్కువే, ఆర్కిటెక్చర్ చదివేవాడికైతే అసలే ఉండవు. నా థీసిస్ 'పాతబస్తీలో పర్యావరణానికి మేలుచేసే ఉమ్మడి నివాసాలు' గురించి. వాననీళ్లు ఇంకే గుంత, ఎండ పడని నడవాలు, సున్నపు గోడలు, అందరికీ కలిపి ఒకే డాబా, బట్టలుతకడానికి ఒకే చోటు, వీటన్నిటి మధ్యలో ఒకే ఒక్క పెద్ద వంటగది. ఆ వంటగదిని ఎన్ని రంగుల్లో గీశానో నాకే గుర్తులేదు. గీసిన ప్రతిసారీ అందులో నలుగురు ఆడవాళ్లు నవ్వుతూ కూరగాయలు తరుగుతుండేవాళ్లు. (అప్పటికి నాకు టీ పెట్టడం కూడా రాదు. పాలు పొంగితే స్టవ్ ఆపాలని తెలుసు గాని, ఎటు తిప్పితే ఆగుతుందో తెలియదు.)

మేముండేది లాల్‌దర్వాజాలో, గుడికి పోయే దారిలో ఒక సందులో. పాత ఇల్లు, నడుమ వాకిలి, వాకిట్లో ఒక నల్లా, చుట్టూ నాలుగు పోర్షన్లు. ఇంటి ఓనరు గుడి అవ్వ. వాళ్లది తరతరాలుగా అమ్మవారికి పూలదండలు కట్టే ఇల్లు కాబట్టి గల్లీ అంతా ఆమెను అలాగే పిలిచేది. ఎదురు పోర్షన్ మాది. పక్క పోర్షన్‌లో కొత్తగా పెళ్లై కరీంనగర్ నుంచి వచ్చిన ఒక వదిన. పైన గోదావరి అత్తయ్య. భర్తకు ఇక్కడ సర్కారు కొలువు రావడంతో గోదావరి జిల్లా నుంచి వచ్చి, మూడేళ్లలో వెళ్లిపోదామనుకుంటూ ముప్ఫై ఏళ్లుగా మా నెత్తిమీదే ఉంటున్న మనిషి. ఇలాంటి ఇంట్లో పుట్టి పెరిగి, కలిసి బతకడం ఎలాగో ఇంగ్లీషు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాను.

మా గైడ్‌ని మేమంతా సెక్షన్ సార్ అనేవాళ్లం. విద్యార్థి ఎంత గొప్ప బొమ్మ వేసుకొచ్చినా ఆయన అడిగేది ఒకటే: "సెక్షన్ ఏదీ?" ఇంటిని నిలువునా కోసి లోపల ఏముందో చూపించే బొమ్మనే సెక్షన్ అంటారు. అది లేకుండా ఆయన మాట్లాడేవారు కాదు. నా రంగుల వంటగదిని చాలాసేపు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇందులో ఎవరు వండుతారు? ఎవరు తింటారు? ఎక్కడైనా చూశావా?" అన్నారు. చూడలేదన్నాను. "అయితే ఒక వారం చేసి చూపించు. నాలుగు కుటుంబాలు, ఒక వంటగది. ఆదివారం భోజనానికి వస్తాను. నడిస్తే నీ థీసిస్ ముందుకు పోతుంది. లేకపోతే ఈ టాపిక్ పక్కన పడేసి, వచ్చే ఏడాది బుద్ధిగా ఏ బస్టాండో డిజైన్ చేసుకో," అన్నారు. అంటే నేను ఒక సంవత్సరం వెనకబడి, నా జూనియర్లతో కలిసి బస్టాండు గీయాలి. బాపు రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. నా ఉద్యోగం కోసం ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. అయినా పైకి మాత్రం "తప్పకుండా రండి సార్" అన్నాను.

వాకిట్లో ఒకప్పుడు కట్టెలు పెట్టుకున్న ఖాళీ అర్ర ఒకటి ఉంది. ఆ గదినే ఉమ్మడి వంటగది చేద్దామని నేనూ నా క్లాస్‌మేటూ కలిసి దానికి సున్నం వేశాం. అతనిది పాతబస్తీలోనే హుస్సేనీ ఆలం. జేబులో ఎప్పుడూ స్కేలు ఉండేది కాబట్టి స్కేల్ భాయ్ అనేవాళ్లం. గోడ తడి ఆరకముందే అతను ఒక మాట అన్నాడు. "మియా, మా ఇంట్ల గూడ ఒకటే బావర్చీఖానా. గని అండ్ల నాలుగు పొయ్యిలు. ఒక్కొక్క చాచీకి ఒక్కటి. గందుకే ఇంట్ల లొల్లి లేదు. సోంచ్‌లో." చాచీలంటే వాళ్ల పిన్నులు. ఆలోచించుకోమన్నాడు. నేను ఆలోచించలేదు. మహా ఆశయాల ముందు చాచీల పొయ్యిలు ఒక లెక్కా?

ఆ సాయంత్రం నాలుగు పోర్షన్ల ఆడవాళ్లనీ వాకిట్లో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. భూతాపం, గ్యాసు ఆదా, సమష్టి జీవనం, అన్నీ చెప్పాను. గుడి అవ్వ దండ కడుతూనే విన్నది. చివరికి, "ఇవన్ని నాకు తెల్వది గని ఇంజినీరు సాబ్, ఇది చెయ్యకుంటే నువ్వు ఫెయిలైతవా?" అని అడిగింది. (నేను ఇంజినీరును కానని ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది.) అవుతానన్నాను. ఆమె మిగతా ముగ్గురి వంక చూసింది. వాళ్లు ఆమె వంక చూశారు. "అయితే చేద్దాంపా," అంది అవ్వ. నా ఉపన్యాసం ఇంత బాగా పనిచేసినందుకు నా మీద నాకే గౌరవం పెరిగింది.

సోమవారం గుడి అవ్వ వంతు. వానాకాలం మొదలైందంటే ఆమె పూజల వారాల్లో ఉల్లిగడ్డ ముట్టదు. ఉల్లీ వెల్లుల్లీ లేని పప్పు, సొరకాయ కూర. మంగళవారం గోదావరి అత్తయ్య. వంకాయ పులుసులో బెల్లం వేసింది. అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత, "మంచిగున్నది," అంది. బుధవారం అమ్మ వంతు. అమ్మ కారం గురించి మా బంధువుల్లో కథలున్నాయి. గోదావరి మామయ్య ముక్కు తుడుచుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, చివరికి నెత్తి కూడా తుడుచుకున్నాడు. "ఎంచక్కా ఉందండీ," అంది అత్తయ్య, భర్త వీపు నిమురుతూ. గొడవ లేదు, మూతివిరుపు లేదు. పైగా ఎవరూ రెండోసారి వడ్డించుకోవడం లేదు. ఇంకొంచెం వేసుకోండని బలవంతం చేస్తే, "ఆయ్, మేం కొంచెమే తింటాం బాబూ," అనేది అత్తయ్య. "మాది చిడియా ఆకలి, పిట్టంత తింటం," అనేది కరీంనగర్ వదిన. అప్పుడు నేను థీసిస్‌లో ఒక వాక్యం రాసుకున్నాను: 'కలిసి వండుకున్నప్పుడు మనుషులు సహజంగానే మితాహారులవుతారు. ఆహార వృథా దాదాపు ఉండదు.' ఆ వాక్యం కింద గీత కూడా గీశాను.

స్కేల్ భాయ్ ఫొటోలు తీయడానికి వచ్చి, పళ్లేల వంక అనుమానంగా చూశాడు. "క్యా మియా, సబ్ లోగాఁ ఇత్తా కమ్ ఖాతే క్యా?" అని చెవిలో అడిగాడు. ఇంత తక్కువ తిని మనుషులు ఎట్లా బతుకుతున్నారని అతని సందేహం. ఇదే సమష్టి జీవన మహిమ అన్నాను. మధ్యాహ్నం పూట కుక్కర్ విజిల్స్ వినపడుతూనే ఉండేవి. పక్క సందులోంచనుకున్నాను. వదిన పోర్షన్‌లో టీవీ ఎప్పుడూ లేనంత గట్టిగా మోగేది. కొత్త జంట కదా, పాటల మీద సరదా అనుకున్నాను. కళ్ల ముందు ఏనుగు పోతున్నా కనబడని దశ అది.

గురువారం కరీంనగర్ వదిన వంతు. ఆ రోజు కాలేజీ నుంచి తొందరగా వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. చల్లటి నీళ్ల కోసం వంటింట్లోకి పోతే, మా స్టవ్ పక్కన మూతపెట్టిన స్టీలు గిన్నె కనిపించింది. ముట్టుకుంటే వేడిగా ఉంది. మూత తీశాను. గోంగూర పచ్చడి, పైన నూనె తేలుతోంది, పోపు వాసన ఇంకా తాజాగా ఉంది. గిన్నె అంచున చెక్కిన అక్షరాలు చూశాను. అమ్మ పేరు కాదు, గోదావరి అత్తయ్యది. (మా ఇళ్లలో గిన్నెల మీద పేర్లు చెక్కించడం ఉంది కదా. పెళ్లిలో వచ్చిన గిన్నె ఏ ఇంటికి పోయినా ఎవరిదో తెలిసిపోతుంది.) పక్కనే మా అన్నం గిన్నె. అందులో పొగలు కక్కుతున్న అన్నం. నేను పెరట్లో దొంగను చూసినవాడిలా నిలబడిపోయాను.

అమ్మ వచ్చి నన్నూ, నా చేతిలో మూతనూ చూసింది. కొద్దిగా సిగ్గుపడి, వెంటనే సిగ్గు మానేసింది. "ఏం జెయ్యాలె మల్ల? మీ బాపు ఆ బెల్లం కూర తింటడా? మామయ్య మన కారం తింటే మంచానికే. నీ ముంగట కల్సి తింటున్నం, ఎన్కకెల్లి ఎవలింట్ల వాళ్లు వండుకుంటున్నం. అందరం అట్లనే." "అందరా?" అన్నాను. "అందరే. అవ్వనే జెప్పింది, పోరడు ఫెయిల్ గావద్దని." మరి ఈ గోంగూర ఏమిటన్నాను. "అది వేరే. నిన్న ఆమె గిన్నెల నేను మక్కగారెలు పెట్టి పంపిన, ఇయ్యాల గదే గిన్నెల గోంగూర వచ్చింది. గిన్నె ఉత్తగ ఎట్ల ఇస్తరు?" ఆ మొక్కజొన్న గారెలు ఎప్పుడు చేశావన్నాను. "నువ్వు మితాహారం అని రాసుకుంటున్నప్పుడు," అంది అమ్మ.

కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇన్ని రోజులూ ఆ ఇంట్లో ఉమ్మడి వంట కడుపునిండా తిన్నవాణ్ని నేనొక్కణ్నే. కాసేపు అలిగి కూర్చున్నాను గాని, గోంగూర వాసన వస్తుంటే ఎంతసేపని అలుగుతాం? తిన్నాను. నేను తింటుంటే అమ్మే ధైర్యం చెప్పింది. "సారు వచ్చే రోజు ఒక్కపూట నలుగురం ఆ అర్రలనే వండుతం, ఫికర్ జెయ్యకు. ఎప్పుడొస్తడు?" ఆదివారం అన్నాను. అమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఏ ఐతారం?" ఈ ఆదివారమే అన్నాను. అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "లాల్‌దర్వాజల పుట్టి, బోనాల ఐతారం నాడు సారును పిలిచినవా?"

నిజమే. గల్లీ నిండా వేపమండలు, లైట్లు, మైకులు కట్టారు. వారం నుంచి వాటి కిందుగానే నడుస్తున్నాను. ఆ స్తంభాలు ఎంతెంత దూరంలో పాతారో కూడా గమనించాను గాని, ఎందుకు పాతారో ఆలోచించలేదు. బోనం అంటే ఏ ఇంటి బోనం ఆ ఇంటి కుండలో, ఆ ఇంటి పొయ్యి మీదే వండాలి. నలుగురి బోనం ఒక్క పొయ్యి మీద వండుదాం, గ్యాసు ఆదా అవుతుందని మహంకాళమ్మకు చెప్పే ధైర్యం ఎవరికుంది? సార్‌కి ఫోన్ చేసి ఇంకో రోజు రమ్మన్నాను. "ఆదివారం అన్నావు, ఆదివారమే వస్తాను," అని పెట్టేశారు.

ఆదివారం సార్ రానే వచ్చారు. కారు ఎక్కడో ఆపి, జనంలోంచి నడుచుకుంటూ, డప్పుల మధ్య ఊపిరాడక, చొక్కా నిండా పసుపుతో వాకిట్లోకి అడుగుపెట్టారు. నాలుగు వంటిళ్లలో నాలుగు పొయ్యిలు మండుతున్నాయి. నాలుగు గడపల్లో పసుపు రాసిన నాలుగు బోనాలు. సార్ నేరుగా ఉమ్మడి వంటగది తలుపు తోశారు. లోపల పొయ్యి చల్లగా ఉంది. దాని మీద, కింద, చుట్టూ గుడి అవ్వ పూలబుట్టలు. (చల్లటి అర్ర కదా, పూలు వాడవని పెట్టుకుంది. ఆ గదికి దొరికిన అసలైన ఉపయోగం అదొక్కటే.) "వంట ఇప్పుడే అయిందండీ, ఎంచక్కా కడిగేశాం," అంది గోదావరి అత్తయ్య నన్ను కాపాడబోతూ. పొయ్యి మీద బంతిపూలు మాత్రం అలాగే ఉన్నాయి.

సార్ నా వైపు తిరిగారు. బస్టాండు కళ్ల ముందు కనబడింది. అప్పుడు గుడి అవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "సారూ, పండుగ పూట అబద్ధమెందుకు? మా పోరడు ఫెయిలైతడని కల్సి వండినట్టు జేసినం. ఎవలింట్ల వాళ్లమే తిన్నం. తప్పు మాది, వానిది గాదు. వానికి ఇయ్యాల్నే ఎర్కైంది." (గురువారమే తెలిసిందని నేను సరిదిద్దలేదు.) సార్ ముఖంలో ఏ మార్పూ లేదు. "అంటే, వారమంతా నీ ఉమ్మడి వంటగదిలో కడుపునిండా తిన్నది నువ్వొక్కడివేనన్నమాట," అన్నారు. ముందు కరీంనగర్ వదిన కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు, బాపుతో సహా.

బోనాలు గుడికి పోయి వచ్చాక సార్‌ని భోజనం చేయకుండా పంపే ప్రశ్నే లేదు. వాకిట్లో కుర్చీ వేసి, ముందు చిన్న బల్ల పెట్టారు. మా ఇంటి నుంచి బగారన్నం, మటన్ కూర వచ్చాయి. కారం తగ్గించమని అమ్మకు నేనే దండం పెట్టాను. అవ్వ గిన్నెలో పరమాన్నం పంపింది. ఆ గిన్నె తిరిగి పోయేటప్పుడు అందులో వదిన చేసిన సకినాలు కూర్చున్నాయి. వదిన గిన్నెలోకి అమ్మ ఇంకేదో సర్దింది. ఇంతలో పైనుంచి, "బాబూ, అందుకో!" అని కేక. గోదావరి అత్తయ్య కూరగాయల బుట్టకు తాడు కట్టి కిందికి దించుతోంది. అందులో పులిహోర గిన్నె. (కూరగాయల బండి వచ్చినా, పాల ప్యాకెట్టు వచ్చినా ఆమె వ్యవహారమంతా ఆ తాడు మీదే. మెట్లు దిగితే మోకాళ్లు నొప్పి.) పులిహోర తీసుకుని, అమ్మ ఆ బుట్టలోనే మక్కగారెలు పెట్టి తాడు కదిపింది. బుట్ట పైకి పోయింది. సార్ తినడం ఆపి, తల ఎత్తి, బుట్టతో పాటే చూపు పైకి తీసుకుపోయారు.

"ఇది రోజూ ఉంటుందా?" అని అడిగారు. ఏదన్నాను. "ఈ గిన్నెలు తిరగడం." ఉంటుంది సార్, నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, ఉత్త గిన్నె ఇవ్వకూడదు కదా అన్నాను. అదేదో నల్లాలో నీళ్లొస్తాయని చెప్పినట్టు చెప్పాను. సార్ ఎడమచేత్తో వాకిలినీ, పైనున్న పిట్టగోడనూ, వేలాడుతున్న తాడునూ చూపించారు. "దీని సెక్షన్ ఏదీ?" అన్నారు. అంతే అన్నారు. పక్కనున్న స్కేల్ భాయ్ అప్పటికే జేబులోంచి స్కేలు తీశాడు.

సార్ పోయేటప్పుడు, ఇంట్లో మేడమ్ గారికంటూ అత్తయ్య ఒక గిన్నెలో పులిహోర పెట్టి ఇచ్చింది. ఆయన వద్దన్నారు. ఆమె విననట్టు మూత పెట్టింది. ఆ తర్వాత పది రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. పాతదంతా చించేసి కొత్తగా గీశాను. ఒకే వంటగది తీసేశాను. ఎవరి వంటిల్లు వాళ్లకే ఉంది. కాకపోతే ప్రతి వంటింటి కిటికీ నడవాలోకి తెరుచుకుంటుంది. కిటికీ బయట గిన్నె పట్టేంత గట్టు. పై అంతస్తుల పిట్టగోడకు గిలక, కింద దాకా తాడు. వాననీళ్ల గుంత, సున్నపు గోడలు, డాబా యథాతథం. మితాహారుల వాక్యం కొట్టేశాను.

రివ్యూ రోజు సార్ గదిలోకి పోతే ముందు కనబడింది నా షీట్లు కాదు, బల్ల మీద అత్తయ్య గిన్నె. తళతళలాడుతోంది. గిన్నె వాపసు ఇచ్చి, టాపిక్ కూడా వాపసు ఇస్తారేమో అనుకున్నాను. సార్ నా సెక్షన్‌ని చాలాసేపు చూశారు. గట్టు మీద వేలు పెట్టి, గిన్నెకంటే ఇంత వెడల్పు ఎందుకన్నారు. "మూత పక్కన పెట్టుకోవాలి కదా సార్," అన్నాను. ఆయన తల ఊపి సంతకం పెట్టి, గిన్నె నా వైపు తోశారు. బరువుగా ఉంది. "మీ అత్తయ్యగారికి ఇవ్వు. ఖాళీగా పంపకూడదని మా ఆవిడ మైసూర్‌పాక్ చేసింది," అన్నారు. వరండాలోకి వచ్చి, గిన్నెను రెండు చేతులా పట్టుకుని, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. (సగం మైసూర్‌పాక్ స్కేల్ భాయ్ బస్సులోనే తినేశాడు. నేను అత్తయ్యకు చెప్పలేదు.)

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను నగరానికి ఆ చివర అపార్టుమెంట్లు గీస్తున్నాను. నా ప్లానుల్లో వంటింటి బయట గట్టు ఇప్పటికీ ఉంటుంది. కట్టాక దాని మీద ఏసీ డబ్బా పెడతారు. నేనుండేదీ అలాంటి ఫ్లాటే. మొన్న ఎదురు ఫ్లాటులోకి కొత్తగా వచ్చిన పెద్దాయన, భార్య చేసిందంటూ ఒక గిన్నెలో కొబ్బరన్నం ఇచ్చిపోయారు. తిని, గిన్నె కడిగి, బల్ల మీద పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ ఊళ్లో లేదు. లాల్‌దర్వాజాకు ఫోన్ చేస్తే, "ఉత్త గిన్నె ఇయ్యకు బిడ్డా, మన ఇజ్జత్ పోతది," అంది అమ్మ. బయటి నుంచి తెప్పించి పెట్టొచ్చు గాని, మనసొప్పలేదు. వీడియో చూసి ఉప్మా చేశాను. పోసిన నీళ్లన్నీ ఏమయ్యాయో గాని, గరిటె అందులో నిటారుగా నిలబడింది.

మర్నాడు లిఫ్టులో పెద్దాయన కనబడ్డారు. ఉప్మా ఎలా ఉందండీ అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, నా ముఖంలోకి ఎంతో దయగా చూశారు. "చాలా బాగుందండీ," అన్నారు. "మేం కొంచెమే తింటాం లెండి."